ఖర్చు కాని చిటికెడు చందనం

సోమేశ్వరరావు గారూ, ట్రాఫిక్ కాలనీ నుంచీ పూరీ గేట్ నుంచీ సాలువా నుంచీ ఇంత ఎండలో వచ్చిన అమ్మలూ అయ్యలూ, షిఫ్టు దిగి ఇంటికైనా వెళ్ళకుండా నేరుగా ఇటే వచ్చిన వర్క్‌షాపు తమ్ముళ్ళూ, మా దుఃఖం పంచుకోవడానికి వచ్చిన బెంగాలీ దాదాలూ దీదీలూ! అందరికీ నమస్కారం. నిలబడ్డవాళ్ళు కూర్చోండి. కుర్చీలు చాలకపోతే పక్క తరగతిలో బెంచీలున్నాయి, లాక్కోండి. ఇది బడి, ఇక్కడ బెంచీలకు కరువు లేదు.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు జానకమ్మ. ఈ బెంగాలు గడ్డ మీద మన తెలుగు బడిలోనే పంతులమ్మగా చేరి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగినదాన్ని. మీలో సగం మందికి నా బెత్తం తెలుసు, కాబట్టి నాకు మైకు అక్కర్లేదు. దాన్ని కాస్త అవతల పెట్టవయ్యా, కీచుమంటోంది.

మనమందరం బాలాంబ కోసం కూడాం. రైల్వే లాబొరేటరీలో కెమిస్టుగా పనిచేసిన బాలాంబ. సోమేశ్వరరావు గారి ఇల్లాలు. ట్రాఫిక్ కాలనీలో నాకు గోడవతల స్నేహితురాలు. పోయిన శుక్రవారం పొద్దున్న కాఫీ కలుపుతూ గుండె పట్టుకుని కూర్చుంది, మరి లేవలేదు. రోజూ ఆ గోడ మీదుగా నాతో పోట్లాడే గొంతు ఆగిపోయింది. నాకు దుఃఖం లేదంటే కళ్ళు పోతాయి. కానీ ఏడవవలసిందంతా ఇంట్లో ఏడ్చే వచ్చాను. ఇక్కడికి వచ్చింది ఆవిడ గెలుపు చెప్పడానికి.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చాలా మంచి మాటలు చెప్పారు. బాలాంబ వినయవతి అన్నారు. మృదుభాషిణి అన్నారు. అయ్యా, ఎవరండీ మృదుభాషిణి? మనం వచ్చింది బాలాంబ సభకేనా? ఆవిడ లాబొరేటరీలో అరిస్తే ఇంజన్ల షెడ్డులో వినబడేదని వర్క్‌షాపు వాళ్ళే చెబుతారు. కూరల బజారులో బాలాంబ వస్తోందంటే తక్కెడలు వాటంతటవే సరిగ్గా తూగేవి. వినయమూ లేదు, మెత్తదనమూ లేదు. అవి రెండూ ఉంటే ఇవాళ నేను చెప్పబోయే సంగతి జరిగేదే కాదు.

ఇంతకీ బాలాంబ చేసిన పనేమిటి? ఒక వస్తువును చెడగొట్టకుండా అదేమిటో చెప్పడం. అంతే. వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! ఒక పొడి ఇస్తారు. ఇది మందా, మత్తు మందా, పిండా, సున్నమా చెప్పమంటారు. మామూలుగా ఏం చేస్తారు? దాని మీద ఆసిడ్ చుక్క వేస్తారు, రంగు చూస్తారు. కరిగిస్తారు, మరిగిస్తారు. జవాబు వస్తుంది, పొడి పోతుంది. ఆ జవాబు తప్పయితే? మళ్ళీ చూడమని ఎవరిని అడగాలి? దేన్ని చూడమని అడగాలి? ఆ ప్రశ్న బాలాంబను పట్టుకుని బతికున్నంత కాలం వదల్లేదు.

ఎందుకు పట్టుకుందో చెబుతాను. సోమేశ్వరరావు గారూ, ఇది చెప్పమని ఆవిడే నాతో అనేది, కనుక మీరు నొచ్చుకోవద్దు.

ఎనభైల మొదట్లో సంగతి. ఎర్రయ్య అని ఒక ఇంజను డ్రైవరు ఉండేవాడు. డ్యూటీ ఎక్కే ముందు అతని సంచిలో ఒక సీసా దొరికింది. తాగి బండి నడుపుతున్నాడని రాశారు. సీసా బాలాంబ దగ్గరికి వచ్చింది. ఇందులో సారా ఉందా లేదా అని అడిగారు. ఆవిడ సీసా అంతా పోసి, మరిగించి, ఆవిరి పట్టి, ఉందని రాసింది. లెక్కకు నిజమే. తీరా చూస్తే అది దగ్గుకు ఆయుర్వేద వైద్యుడిచ్చిన అరిష్టం. అరిష్టం ఊరితే అందులో సారా పుడుతుందని మన ఇళ్ళలో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. నా సీసా ఇంకోసారి చూడండమ్మా, అందులో వేర్లూ ఆకులూ ఉన్నాయమ్మా అని ఎర్రయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఏం చూస్తుంది? సీసా కడిగేసి బోర్లించి ఉంది. ఎర్రయ్యను ఇంజను మీద నుంచి దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

ఇంకొకరైతే, అడిగినదానికి జవాబు చెప్పాను, నా తప్పేముంది అని ఊరుకునేవారు. బాలాంబ ఆ గేటు దగ్గరికి వెళ్ళింది. అందరూ చూస్తుండగా, "నీ సాక్ష్యాన్ని నేనే తాగేశాను ఎర్రయ్యా" అంది. ఎర్రయ్య చాలా మంచివాడు. "ఊరుకోండమ్మా, నా రాత అలగున్నాది" అన్నాడట. ఆ ఓదార్పు ఆవిడకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి లాబొరేటరీ గోడ మీద సుద్దతో ఒక మాట రాసి పెట్టింది: మిగల్చని పరీక్ష పరీక్ష కాదు. సున్నాలు వేసే మేస్త్రీ ప్రతి ఏడూ దాన్ని చెరిపేవాడు, ఆవిడ ప్రతి ఏడూ మళ్ళీ రాసేది.

అప్పటి నుంచి ఒకటే చదువు. సూక్ష్మదర్శినితో ఎంత చూడవచ్చు? కంటికి కనబడని వెలుగుతో ఎంత చూడవచ్చు? ఇంజను నూనెలు చూడటానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ యంత్రం ఒకటి అక్కడ ఉండేది. దానికి అద్దాలు బిగించి, పొడిని ఏమీ చెయ్యకుండా, దేనితోనూ కలపకుండా, దాని మీద వెలుగు పడేసి తిరిగి వచ్చిన వెలుగును చదవడం నేర్చుకుంది. నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పింది. ఆ వెలుగులో ప్రతి పదార్థం తనకు కావలసింది మింగుతుందట, మిగతాది తిప్పి పంపుతుందట. ఏది మింగిందో చూస్తే అదెవరో తెలిసిపోతుందట. పొడి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పెళ్ళిలో ఎవరెవరు ఏం తిన్నారో ఎంగిలి విస్తళ్ళు చూసి చెప్పినట్టా అని అడిగాను. "నీ మొహం, అచ్చం అంతే" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. తొంభయ్యో సంవత్సరం, వైశాఖం.

పూరీ గేట్ దగ్గర గణపతిరావు అని వర్క్‌షాపు ఫిట్టరు. అంతకు ముందు ఏడు క్రేను దగ్గర పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. బతకడన్నారు. అతని భార్య సింహాచలమ్మ అప్పన్నకు మొక్కుకుంది. మొగుడు లేచి నడిచాడు. చందనోత్సవానికి సింహాచలం వెళ్ళి, స్వామి ఒంటి మీద నుంచి తీసిన చందనం ఇంత ప్రసాదంగా తెచ్చుకోవడానికి బయల్దేరింది. అందరూ తెచ్చుకుంటారు, అందులో వింత లేదు. కానీ వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. మొక్కు చందనం చేతికి తీసుకున్న క్షణం నుంచి దాన్ని ఇంట్లో దేవుడి ముందు పెట్టేదాకా తెచ్చేవాళ్ళు నోరు విప్పకూడదు. పలకకూడదు, సైగ చెయ్యకూడదు, తల ఊపకూడదు. పసుపు గుడ్డలో మూట కట్టి రొంటిన దోపుకుని, ఎవరినీ ముట్టనివ్వకుండా తేవాలి.

అలాగే తెచ్చింది. రైల్లో ఎండకు ఆ చందనం ఎండి, నలిగి, లేత గోధుమ రంగు పొడి అయ్యింది. మన ప్లాట్‌ఫారం మీద దిగింది. అవి బ్రౌన్ షుగర్ రోజులు, గోధుమ రంగు హెరాయిన్‌ను అలా పిలిచేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఒక ఆడమనిషి హెరాయిన్ తెస్తోందని ఎవరో కబురు పెడితే తనిఖీ దళం ఒకటి మాటు వేసి ఉంది. రొంటిన మూట! చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తోంది! ఆపారు. ఏమిటది అన్నారు. పలకలేదు. ఎక్కణ్ణుంచి వస్తున్నావన్నారు. పలకలేదు. మీరే చెప్పండి, ఆ పోలీసువాడికి ఏమనిపిస్తుంది? లాగాడు. ఆవిడ వదల్లేదు. గుడ్డ చిరిగింది. అప్పుడే పక్క లైను మీద ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. ఆ గాలికి అప్పన్న చందనం ప్లాట్‌ఫారమంతా లేచిపోయింది. గుడ్డ మడతలో అంటుకున్న కాస్తే మిగిలింది.

ఆ కాస్తలోంచి కొంచెం తీసి ఆసిడ్ చుక్క వేశారు. ఊదా రంగు తిరిగింది. హెరాయిన్‌కీ ఊదా రంగే వస్తుంది. గంధపు నూనె మీద ఆ ఆసిడ్ పడినా అలాంటి రంగే తిరుగుతుందని ఆ ప్లాట్‌ఫారం మీద ఎవరికి తెలుసు? అరెస్టు. ఇంకొంచెం పై లాబొరేటరీకి పంపారు. వాళ్ళూ రంగే చూసి, పరీక్షకు వచ్చిందంతా ఖర్చయింది, హెరాయిన్ ఉన్నట్టు తోస్తోంది అని రాశారు. తోస్తోందట! చట్టం కొత్తది, పదేళ్ళకు తక్కువ శిక్ష లేదు, బెయిలు లేదు. కోర్టులో సీలు వేసిన కవరులో గోటి మీద పెట్టుకునేంత పొడి మిగిలింది.

అప్పుడు నన్ను దుబాసీగా పిలిచారు. ఆవిడకు తెలుగు తప్ప రాదు, కోర్టుకు తెలుగు రాదు. నా జన్మలో అంత సుఖమైన ఉద్యోగం చెయ్యలేదు. ఆవిడ ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడితేనా! జడ్జిగారు అడుగుతారు, నేను తెలుగులో అడుగుతాను, ఆవిడ నా మొహంలోకి చూస్తుంది. కళ్ళు నిండుతాయి, నోరు తెరవదు. నేను తిట్టాను, బతిమాలాను, ఆవిడ ఉలకలేదు. ఆ మౌనం చూసి కోర్టంతా నేరం చేసిందనే అనుకుంది. లోపల నేనూ సందేహపడ్డానేమో, ఆ మాట అప్పన్నకే తెలియాలి.

సంగతి గణపతిరావు చెప్పాడు. మొగుడి మాట కోర్టు నమ్మదని, బాలాంబ గుమ్మంలో కూలబడి చెప్పాడు. నేను గోడ పక్కనే ఉన్నాను. "అమ్మా, మా ఇంటిది మాటాడదమ్మా. సందనం ఇంటికి సేరనేదు కదా. అది సేరేదాకా సచ్చినా మాటాడదు. నానేటి సేసేదమ్మా?" అన్నాడు.

వింటున్నారా? పదేళ్ళ జైలు ఒక పక్క. ఆ చిటికెడు ఇంటికి చేరకపోతే ఇక జన్మలో ఆవిడ గొంతు వినబడకపోవడం ఇంకో పక్క. రెండూ ఆ కవరులోనే ఉన్నాయి.

మన కామేశం వకీలు గారు ఆవిడ తరఫున నిలబడ్డారు. మంచి వకీలు. ఎదురుగానే కూర్చున్నారు, కనుక ఇంకొంచెం గట్టిగా చెబుతాను. ఆయన ఏం చేశారు? మిగిలిన పొడిని ఇంకా పెద్ద లాబొరేటరీకి పంపి పరీక్ష చేయించండి, అది హెరాయిన్ కాదని తేలిపోతుంది అని అర్జీ తయారు చేశారు. ఆ పెద్ద పరీక్షలో పొడిని కరిగించి యంత్రంలోకి ఎక్కిస్తారు. బాలాంబ వాళ్ళింటికి వెళ్ళింది. భోజనానికి కూర్చున్న మనిషిని లేపింది. "కామేశం, నీకు కేసు గెలవాలని ఉందా, ఆ మనిషిని గెలిపించాలని ఉందా? ఉన్న చిటికెడూ కరిగించి నిర్దోషి అని కాగితం తెస్తావు. ఆ కాగితం తీసుకెళ్ళి దేవుడి ముందు పెడుతుందా?" అంది. కామేశం గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవునా కాదా, కామేశం గారూ? అదిగో, నవ్వుతున్నారు.

ఇక్కడొకటి చెప్పాలి. బాలాంబ గుడికి వెళ్ళే మనిషి కాదు. ఈ మూఢనమ్మకం కోసం ఇంత రభస ఎందుకే అని నేనే అడిగాను. "దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు జానకీ. ఆ చిటికెడు ఉంది. అది ఆవిడది. పరీక్ష చేసేవాళ్ళకు దాన్ని తినేసే హక్కు లేదు" అంది.

అర్జీ మారింది. మిగిలిన పొడిని ఖర్చు చెయ్యకుండా చూడటానికి అనుమతి ఇమ్మని అడిగారు. అలాంటి పరీక్ష ఉందా అని జడ్జిగారు ఆశ్చర్యపోయారు. ఆయన బెంగాలీ పెద్దమనిషి, తొందరపడని మనిషి. కోర్టు మనిషిని వెంట ఉంచి, ఎప్పటికప్పుడు సీలు వేయించి, చూడండి అన్నారు. పోల్చడానికి వేరే కేసులో దొరికిన అసలు హెరాయిన్ కోర్టు తెప్పించింది. సింహాచలం చందనం తేవడానికి గణపతిరావే ఆ విరిగిన నడుంతో రైలెక్కాడు.

ముందు సూక్ష్మదర్శిని. గాజు పలకల మధ్య ఆ చిటికెడు. బాలాంబ చూసింది. కోర్టు గుమాస్తాను పిలిచి చూపించింది. అతను చూసి, "దీదీ, ఇది కాఠ్!" అని అరిచాడు. అవును, కర్రే. పొడి అంటే పొడి కాదు, సన్న సన్న గొట్టాలు, పీచులు, చెట్టు ఒంట్లో ఉండే ఏర్పాటంతా అందులో కనబడుతోంది. అలికినట్టు పలచగా పరిచి ఒక కొస నుంచి ఇంకో కొసదాకా వెతికింది. హెరాయిన్ పలుకు ఒక్కటి లేదు.

తరవాత పై గాజు తీసి, యంత్రం కింద పెట్టింది. వెలుగు పడింది. కాగితం మీద పెన్ను నడిచింది. కొండలూ లోయలూ గీస్తూ నడిచింది. ఒకచోట ఒక కొండ లేచింది. అయ్యలారా, అక్కడ నా స్నేహితురాలు ఆ గీతను మళ్ళీ మొదటి నుంచి గీయించిందట. ఎందుకంటే హెరాయిన్‌కీ సరిగ్గా ఆ చోటే కొండ లేస్తుంది!

ఏం చెయ్యాలి? ఆ ముక్క చెప్పకుండా మింగేస్తే అడిగేవాడెవడు? ప్రాసిక్యూటరుకు ఆ గీతలు చదవడం రాదు. జడ్జిగారికి రాదు. నాకు అసలే రాదు. బాలాంబ తన రిపోర్టులో మొదటి పేరాలోనే రాసింది, ఇక్కడ ఒక కొండ ఉంది, హెరాయిన్‌కీ ఉంటుంది అని. కామేశం గారు తల పట్టుకున్నారు.

కోర్టు రోజు వచ్చింది. మిడ్నాపూర్ కోర్టులో కాలు పెట్టడానికి చోటు లేదు. సగం వర్క్‌షాపు సెలవు పెట్టి వచ్చింది. ప్రాసిక్యూటరు లేచి, ఆ కాగితం గాలిలో ఊపి, ఇక్కడ కొండ, హెరాయిన్‌లోనూ కొండ, మీ నోటితోనే ఒప్పుకున్నారు కదా మేడం అన్నాడు. కోర్టు గొల్లుమంది. సింహాచలమ్మ బోనులో నిలబడి ఉంది. భాష అర్థం కాకపోయినా ఆ గోల అర్థమైంది, మొహం తెల్లబోయింది.

బాలాంబ కళ్ళజోడు తుడుచుకుంది. రెండు గీతలూ జడ్జిగారి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచింది. అప్పుడు ఆ గొంతు లేచింది చూడండి! "ప్రాసిక్యూటరు గారు మొదటి పేరా చదివి ఆగిపోయారు. రెండో పేరాలో ఏముందో నేను చదువుతాను. కర్రకు ఇక్కడ ఒకటే కొండ. ప్రతి కర్రకూ ఉంటుంది, ఈ బల్ల గీరి పెట్టినా ఉంటుంది. హెరాయిన్‌కు ఇక్కడ జంట కొండలు. విడివిడిగా, పక్కపక్కనే, రెండు. లెక్కపెట్టడానికి కెమిస్ట్రీ చదవక్కర్లేదు." జడ్జిగారు కాగితం మీద వేలు పెట్టారు. ఒకటి. ఇంకో కాగితం మీద పెట్టారు. ఒకటి, రెండు. మూడో కాగితం తీశారు, గణపతిరావు తెచ్చిన చందనానిది. ఒకటి. కొండ మీద కొండ పెట్టినట్టు మొత్తం గీత సరిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఇంత చూశారు కదా, ఇక ఎంత మిగిలింది అని జడ్జిగారు అడిగారు. బాలాంబ ఏమందో తెలుసా? "మీరు ఇచ్చినంతా మిగిలింది. నా మాట నమ్మొద్దు. ఇంకెవరికైనా పంపండి, ఇదే తీరుగా చూడమనండి."

పంపారు! ఎక్కడో దూరాన ఇంకో యంత్రం, ఇంకో మనిషి. అదే గీత, అదే ఒక్క కొండ. అబద్ధానికి ఆ ధైర్యం ఉంటుందా? నన్ను ఇంకోసారి చూడు అని అనగలుగుతుందా? సింహాచలమ్మ నిర్దోషి అని జడ్జిగారు తీర్పు చెప్పి, ఆ కవరు చేతిలోకి తీసుకుని, ఇది ముద్దాయి సొత్తు, ఆమెకే ఇచ్చెయ్యండి అన్నారు. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. నా దుబాసీ ఉద్యోగం మొత్తానికీ అదే నేను చేసిన పని. ఆవిడ రెండు చేతులూ చాచింది. కొంగుకు ముడేసుకుంది, రొంటిన దోపుకుంది. ఒక్క మాట లేదు. చప్పట్లు మాత్రం కోర్టు పైకప్పు లేచిపోయేలా కొట్టాం, జడ్జిగారు కోప్పడలేదు.

బస్సు ఎక్కాం. కాంసాయి ఏటి వంతెన దాటాం. గణపతిరావు ఏడుస్తున్నాడు, కామేశం గారు నవ్వుతున్నారు, వర్క్‌షాపు వాళ్ళు బస్సు టాపు మీద ఎగురుతున్నారు. ఆవిడ కిటికీ పక్కన రొంటిన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పూరీ గేట్ దగ్గర ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. సింహాచలమ్మ స్నానం చేసింది. దేవుడి ముందు ఆ చిటికెడు పెట్టింది. దణ్ణం పెట్టింది. లేచింది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఇన్ని నెలల తరవాత నోరు విప్పి ఏమందంటారు? గోవిందా అందా? అప్పన్నా అందా?

"ముందు నాకు ఇంత టీ ఎట్టండి, గొంతెండిపోనాది. తరవాత ఆ గుడ్డ సింపినోడెవుడో నాకు సూపించండి" అంది.

నవ్వండి, నవ్వండి. ఆ రోజు మేమూ ఇలాగే నవ్వాం. నవ్వి నవ్వి పక్కకు చూస్తే, లాబొరేటరీలో అరిస్తే షెడ్డులో వినబడే మనిషి, కోర్టులో ప్రాసిక్యూటరును కూర్చోబెట్టిన మనిషి, గోడకు మొహం పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఒక్క గొంతు మళ్ళీ వినబడ్డందుకు అంత ఏడుపు! ఎర్రయ్యకు ఇవ్వలేనిది ఈవిడకు ఇచ్చానే అంది నాతో. అంత సంతోషం నేను ఆ మొహంలో మళ్ళీ చూడలేదు.

అప్పుడందరూ పొగిడారు. మన బాలాంబ, మనవాళ్ళ బాలాంబ అన్నారు. దండలు వేశారు. ఆ దండలు వేసిన చేతుల్లోనే కొన్ని నాలుగేళ్ళకు ఆవిడ గుమ్మం మీద పేడనీళ్ళు పోశాయి. అదీ చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆవిడ పైనుంచి అరుస్తుంది.

మన ఊరి పెద్దమనిషి ఒకరి తమ్ముడు దొరికాడు. పేరు చెప్పను, ఆయన పిల్లలు ఈ బడిలోనే చదువుకుంటున్నారు. పళ్ళపొడి పొట్లాలని చెప్పి మోసుకొస్తున్నాడు. అప్పటికి కోర్టులే బాలాంబను వెతుక్కుంటూ వచ్చేవి. పొట్లాలు ఆవిడ దగ్గరికే వచ్చాయి. ఆ పెద్దమనిషి పళ్ళెంలో పళ్ళూ చీరా పెట్టుకుని వచ్చాడు. తెలుగువాళ్ళం నలుగురం పరాయి రాష్ట్రంలో బతుకుతున్నాం, మీరు మన మనిషి కదమ్మా, కాస్త చూడండి అన్నాడు. బాలాంబ పళ్ళెం వెనక్కి తోసి ఒక్క మాట అంది. "నా యంత్రానికి తెలుగు రాదండీ."

పెన్ను నడిచింది. జంట కొండలు లేచాయి. అలాగే రాసింది. కులం చెడినట్టు చూశారు కొందరు. నూతి దగ్గర మాట్లాడటం మానేశారు. ఆవిడ ఏమైనా తగ్గిందా? వాళ్ళ వకీలుకే కబురు పెట్టింది, పొడి ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, మీకు నచ్చినచోట చూపించుకోండి అని. చూపించుకున్నారు. ఒకటికి మూడు చోట్ల చూపించుకున్నారు. మూడు చోట్లా జంట కొండలే! మూడోసారి తరవాత ఆ పెద్దమనిషే వచ్చి, "మా వాడికి అన్యాయం జరగలేదని నాకు తెలిసింది, అది చాలమ్మా" అని కాఫీ తాగి వెళ్ళాడు. శిక్ష పడినవాడి ఇంటివాళ్ళ చేత ఆ మాట అనిపించడం ఎంతమంది వల్ల అవుతుంది? సింహాచలమ్మను విడిపించిన దానికంటే ఇదే పెద్ద గెలుపని నేనంటాను. ఎవరైనా కాదంటే సభ అయ్యాక నా దగ్గరికి రండి, తేల్చుకుందాం.

సాలువా క్యాంపు నుంచి వచ్చిన పోలీసు సోదరులు ఆ వెనక వరసలో ఉన్నారు. వాళ్ళకూ బాలాంబ పాఠం చెప్పింది. ఇంటి నుంచి పొట్లాలు పట్టుకెళ్ళి, ఇందులో హెరాయిన్ ఏదో చెప్పండయ్యా అని అడిగిందట. ఒక్కొక్కరు ఒక్కొక్క పొట్లం చూపించారట. ఒకటి శొంఠి పొడి, ఒకటి ముల్తానీ మట్టి, ఒకటి మా ఇంటి సెనగపిండి. అయిదు నిమిషాల్లో ఊరంతటినీ జైల్లో పెట్టేశారు కదర్రా అని తిట్టి, లడ్డూలు పంచిందట. తిట్లు తిన్నవాళ్ళే ఇవాళ అంత దూరం నుంచి దండ పట్టుకుని వచ్చారు.

సోమేశ్వరరావు గారూ, మీకు ధైర్యం చెప్పే శక్తి నాకు లేదు. ఒక్కటి చెబుతాను. మనిషి పోయింది, పని ఖర్చు కాలేదు. ఆవిడ మిగిల్చిన చిటికెళ్ళు ఎన్ని ఇళ్ళలో, ఎన్ని కోర్టుల్లో చెక్కు చెదరకుండా ఉన్నాయో! ఓడిపోయిన మనిషి కోసం ఇంతమంది వస్తారా? ఇటు చూడండి, హాలు దాటి రోడ్డు మీదకు నిలబడ్డారు. మీ ఇల్లాలు గెలిచి వెళ్ళిందండీ.

ఇక లేచి నిలబడి కాసేపు మౌనం పాటించాలి. దానికి ముందు ఒక సంగతి. మొదటి వరసలో ఆ చివర ఎర్రచీర కట్టుకుని కూర్చున్నది సింహాచలమ్మ. పొద్దున్న మా ఇంటికి వచ్చింది. సభ చివర అందరం మౌనంగా నిలబడతామని చెప్పాను. నా మీద విరుచుకుపడింది. "నాను నిలబడతాను గానీ, నోరు ముయ్యనమ్మా. నా గొంతు ఆ తల్లి ఇచ్చినాది. ఆయమ్మ కాడే ముయ్యమంటారేటి?" అంది. మీ దగ్గర జవాబు ఉంటే చెప్పండి.

కాబట్టి ఇలా చేద్దాం. మనమందరం లేచి, తల వంచి, పెదవి కదపకుండా నిలబడదాం. సింహాచలమ్మ ఒక్కతే, తనకు తోచినంత గట్టిగా, బాలాంబ పేరు పిలుస్తుంది.

లేవండి. అమ్మా సింహాచలమ్మా, కానివ్వు.